సగం గుర్రం

బుసైతీన్, బహ్రెయిన్
12-1-1987

పెద్దవారైన నా మేనమామ రాజనర్సు గారి పాదాలకు అల్లుడు ముత్యం మొక్కి రాయునది. ఇక్కడ నేను బాగనే ఉన్న. ఎముకలన్నీ ఎక్కడివి అక్కడనే ఉన్నయి. నువ్వు, అత్త ముత్తవ్వ, ఎడ్లు, ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న భీమవ్వ, అందరు బాగున్నరని తలుస్త.

మామా, ముందుగాల ఒక తప్పు ఒప్పుకోవాలె. నేనిక్కడ అబద్ధమాడిన. నీ పేరు మీదనే ఆడిన.

రెండేండ్ల సంది తుబ్లీల క్యాంపుల ఉండి కాంక్రీటు కలుపుతున్న గదా. పోయిన నెల మా కఫీల్, అంటే మమ్ముల పనికి పెట్టుకున్న అరబ్బు యజమాని, క్యాంపుకు వచ్చి అరబ్బీల ఏదో అడిగిండు. ఆయన డ్రైవరు ఎలియేజరు అని కాకినాడ దిక్కు మనిషి. "మీలో పశువుల సంగతి తెలిసినోళ్ళు ఎవరైనా ఉన్నారటయ్యా?" అని తెలుగుల అరిచిండు. అప్పుడు నా నెత్తి మీద సిమెంటు బస్తా ఉన్నది. చెయ్యి ఎత్తాలంటే బస్తా దించాలె. దించిన. ఆ సుఖానికి నోటికొచ్చింది చెప్పిన. "మా మామ పశువుల అంగడిల అడుగు పెడితే కలెక్టరు వచ్చినట్టు జనం లేస్తరు, నేను ఆయన అల్లున్ని" అన్న. ఎలియేజరు దాన్ని అరబ్బీలకు ఎట్ల మార్చిండో దేవునికెరుక. ఇప్పుడు మా కఫీల్ లెక్కల నువ్వు హిందుస్తాన్ గుర్రాలన్నిటికీ పెద్ద ఇన్‌స్పెక్టరువు. నన్ను తీస్కొచ్చి బుసైతీన్‌ల ఆయన ఇంటెనక గుర్రాల పాకల పెట్టిండు. నీడ ఉన్నది, ఫ్యాను గూడ ఉన్నది. ఫ్యాను గుర్రాలకే గని గాలి నాకూ తగుల్తది.

ఇగ కష్టం చెప్తున్న విను. కఫీల్‌కు బద్దుల దగ్గర ఒక ఆడగుర్రం కొనాలని ఉన్నది. బద్దులంటే ఎడారిల గుడారాలేసుకొని బతికేటోళ్ళు. గుర్రాలు పెంచుడు వాళ్ళకు తాతల నాటి పని. గుర్రం తల్లి పేరు, అమ్మమ్మ పేరు, దాని అమ్మమ్మ పేరు గుక్క తిప్పుకోకుండ చెప్తరు. తండ్రి పేరు అడిగితే అంత పట్టింపు లేదన్నట్టు చూస్తరు. పక్క దేశం నుంచి ఈడికి సముద్రం మీద కొత్తగ వంతెన పడ్డది. దాని మీద నుంచి వాళ్ళు గుర్రాలను బండ్ల మీద తెస్తున్నరు. ఏది మంచిదో నేను చెప్పాలెనట.

నాకు ఏం తెలుసు మామా? చిన్నప్పుడు అంగడిల నీ తువ్వాల పట్టుకొని నిలబడి నిద్ర పోయినోన్ని. మెట్‌పల్లిల నల్ల కోడెను కొని తెస్తే మొదటి వానకే రంగు కారి బూడిద కోడె బయటపడ్డది. ఆ సిగ్గుకే గదా ఈడికి వచ్చిన. బస్సెక్కేటప్పుడు నువ్వన్న మాట నాకింకా చెవుల్లనే ఉన్నది. "నీ కండ్లతో నువ్వు ఒక్క మంచి పశువును ఎంచిన నాడు, నా బిడ్డనిస్త" అన్నవు.

ఆడగుర్రం పశువు కిందికి వస్తదా రాదా? వస్తదంటే ఎట్ల ఎంచాలెనో రాయి.

నీ అల్లుడు
ముత్యం

* * *

మెట్‌పల్లి దగ్గర మన ఊరు
30-1-1987

దుబాయిల ఉన్న మా అల్లుడు ముత్యానికి రాజనర్సు దీవించి రాయించునది. బాపు చెప్పింది చెప్పినట్టే రాస్తున్న. ఇది భీమవ్వ చెయ్యి.

అల్లుడా, నువ్వు బహ్రెయిన్ అని రాసినవు. ఏ ఊరైతేంది, దుబాయి దుబాయే.

నాలుగు కాళ్ళున్నది, గడ్డి మేసేది, తాడు కడితే నిలబడేది ఏదైన పశువే. గుర్రం వస్తది. నా మాట మీద నేనున్న. మంచిది ఎంచినవా, ఉగాది ఎనక ముహూర్తం చూపిస్త. లేకపోతే వెంకటి వాళ్ళ నాయిన రోజు మన గడప తొక్కుతున్నడు. వెంకటికి ట్రాక్టరున్నది. ట్రాక్టరుకు సుడులుంటయా, పండ్లుంటయా? దాన్ని చూసి మనిషి తెలివి ఎట్ల తెలుస్తది? అయినా ఎన్ని దినాలని కాదంట?

ఇగ విను. ముందు పండ్లు చూడు. పెదవెత్తి పెద్దపండ్లు లెక్కపెట్టు. రెండుంటే లేతది. నాలుగైతే పనికి ఎక్కింది. ఆరు మంచి వయసు. ఎనిమిదైతే నిండింది. ఎనిమిది దాటిన పశువును నా జన్మల చూడలే. కనబడితే దండం పెట్టి పంపు.

తర్వాత తోక మొదట్ల పట్టి మెలిపెట్టు. ముందుకు దూకితే చురుకైంది, నిలబడి నమిలితే మొద్దుది. ఎనకకు పోయి నడక చూడు. ఆఖరుకు సుడులు చూడు. వెన్ను మీద జోడు సుడులుంటే లక్ష్మి. కంటి కింద సుడి ఉంటే మాత్రం ముట్టకు. అది కన్నీటి సుడి. ఇంటిల్లిపాదిని ఏడిపిస్తది.

ఇట్లు
రాజనర్సు (వేలిముద్ర)

బావా, బాపు చుట్టకు నిప్పు తేనీకి పోయిండు. తోక మెలిపెట్టే ముందు జెర ఆలోచించు. వెంకటి ట్రాక్టరుకు ఎర్ర జెండా కట్టి మన వాకిట్ల నుంచి దినానికి నాలుగుసార్లు పోతున్నడు. మన వాకిట్ల నుంచి వాళ్ళ చేనుకు తొవ్వ లేదు.

* * *

బుసైతీన్
20-2-1987

మామకు దండాలు. ఈ ఉత్తరం పక్క మీద బోర్ల పండుకొని రాస్తున్న. ఎందుకో ముందు ముందు నీకే తెలుస్తది.

పోయిన వారం మొదటి బద్దు వచ్చిండు. తెల్లగడ్డం, ఎండకు నల్లబడ్డ మొఖం, మాటకు ముందు గహ్వా, అంటే వాళ్ళ కాఫీ, కావాలె. ఎర్రగుర్రం తెచ్చిండు. నాలుగేండ్లదని ఒట్టు పెట్టిండు. నేను నీ మాట తలుచుకొని పెదవెత్తిన. కింద ఆరు పండ్లు. మంచి వయసు అనుకున్న. పైన కూడ చూస్తే ఇంకో ఆరు! పన్నెండు మామా, పన్నెండు! ఎనిమిదికే నిండితే పన్నెండుకు ఏమైతది? గుర్రానికి దండం పెట్టి, "తాతా, ఇది నీ ఈడుదే ఉంటది" అన్న. ఎలియేజరు దేవునికి తప్ప ఎవనికీ భయపడడు. ఉన్నదున్నట్టు అరబ్బీల చెప్పిండు.

ముసలాయన లేచి నిలబడ్డడు. గహ్వా గిన్నె బోర్లించిండు. ఆ గుర్రం తన గుడారంలనే పుట్టిందని, తన పెద్ద మనుమరాలూ అదీ ఒక్క నెలలనే పుట్టిండ్రని, మనుమరాలికి నాలుగేండ్లేనని, కావాలంటే పిల్లను కూడ తెచ్చి పండ్లు లెక్కపెట్టిస్తనని కేకలేసిండు.

మాట మారుద్దామని తోక మెలిపెట్టిన. గుర్రం ముందుకు దూకలే. నన్ను ఎనకకు దూకించింది. గడ్డిమోపులుండబట్టి బతికిన. అందుకే బోర్ల పండుకున్న.

కఫీల్ నవ్వీ నవ్వీ నెత్తి మీది నల్లతాడు కింద పడ్డది. అయితే ఒక్క వింత జరిగింది. పోయేముందు ముసలాయన గుర్రం మెడ మీది సుడి మీద వేలు పెట్టి నా దిక్కు చూసిండు. వాళ్ళకూ సుడులున్నయి మామా! నేను మంచిది కాదని తల అడ్డం ఊపిన. ఆయన మంచిదేనని నిలువు ఊపిండు. ఇద్దరం చానసేపు తలలు ఊపుకున్నం. సుడులు చూసే మనిషైతే పిచ్చోడు కాదని, ఉత్త మూర్ఖుడని కఫీల్‌తో చెప్పి పోయిండట. ఆ మాటే నన్ను కాపాడింది.

వచ్చే నెల మూడు గుర్రాలు వస్తయట. అప్పుడు కూడ తప్పు చేస్తే ఖలాస్, మళ్ళ తుబ్లీ, మళ్ళ కాంక్రీటు. అదొక్కటే అయితే భరిస్త. ఉగాది కూడ పోతది గదా. పన్నెండు పండ్ల సంగతి నువ్వు ముందే ఎందుకు రాయలే?

అల్లుడు
ముత్యం

* * *

మన ఊరు
10-3-1987

ఒరేయ్ అల్లుడా!

(దీవెనలు ఈసారి లేవని రాయమన్నడు. రాసిన. – భీమవ్వ)

ఎద్దుకు పై దవడకు ముందర పండ్లుండయిరా! పుట్టినప్పుడుండయి, సచ్చినప్పుడుండయి. ఆవుకుండయి, బర్రెకుండయి, మేకకుండయి. గుర్రానికుంటయి, గాడిదకుంటయి, నీకుంటయి. ఇది కూడ చెప్పాలెనా? సూర్యుడు తూర్పున పొడుస్తడని కూడ రాసి పంపాలెనా? నా అన్నం తిని, నా అంగడి తిరిగి, ఎద్దు నోట్లె ఏమున్నదో తెల్వని నీకు నా పేరు ఎత్తనీకి నోరెట్ల వచ్చింది? దుబాయి గుర్రం తన్నింది నిన్ను కాదు, నన్ను.

మూడు గుర్రాలొస్తే నడక చూడు, గిట్టలు చూడు, ఊపిరి చూడు. బేరం తువ్వాల కింద వేళ్ళు పట్టి చెయ్యి, నలుగురికి తెలిసేటట్టు నోటితో చెయ్యకు. కన్నీటి సుడి ఉన్నదాన్ని ముట్టకు. మళ్ళ చెప్తున్న, ముట్టకు.

ఇంకొక మాట. సుడులన్నీ చూసినంక, పశువును ఇడిచిపెట్టి అమ్మేటోళ్ళ ఇంటోళ్ళను చూడు. ముఖ్యంగ ఆడోళ్ళను చూడు. తాడు చెయ్యి మారేటప్పుడు ఎవరి కండ్లు నిండుతయో చూడు. ఏ పశువును అమ్మితే ఆ ఇంట్ల ఏడుస్తరో ఆ పశువును కొను. నోటితో మస్తు పొగిడేటోని పశువును ఎప్పుడూ కొనకు. మంచిగ తిను. నొప్పికి ఉప్పునీళ్ళ కాపడం పెట్టుకో.

ఇట్లు
రాజనర్సు (వేలిముద్ర)

* * *

బుసైతీన్
5-4-1987

మా మామకు, మామ పాదాలకు, మామ పాదాల కింది ధూళికి కూడ దండాలు! గెలిచిన మామా!

మొన్న మూడు గుర్రాలొచ్చినయి. ఒకదాన్ని ఉమ్మ్ అల్ హస్సామ్ దిక్కున ఉండే ఒక దళారి తెచ్చిండు. ఆయన బద్దు కాదు, మాటలమ్ముకునే మనిషి. నల్లటి గుర్రం, నుదుటి మీద తెల్లటి నామం, చంద్రవంకోలె. ఆ నామం అదృష్టమట. వచ్చినోళ్ళంతా అబ్బా అబ్బా అన్నరు. కఫీల్ అప్పుడే తాడు పట్టుకున్నడు. నాకేమో ఆ తెలుపును చూస్తే మెట్‌పల్లి వాన యాదికొచ్చింది. నీ తువ్వాల ఇంకా నా దగ్గరనే ఉన్నది. దాన్ని నీళ్ళల్ల ముంచి, గుర్రానికి చెమట తుడుస్తున్నట్టు నుదురంతా రుద్దిన. చంద్రవంక తువ్వాలకొచ్చింది. సున్నం మామా! దళారి బండి ఎక్కి తలుపు కూడ వేసుకోకుండ పోయిండు.

రెండోది మంచిదే. దాని బద్దు దాన్ని తెగ పొగిడిండు. గాలిని దాటుతదన్నడు.

మూడోది బూడిద రంగుది, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. దాన్ని ఒక ముసలి బద్దూ ఆయన భార్యా పాత బండిల తెచ్చిండ్రు. ఆయన ఒక్క ముక్క పొగడలే. ఆమె బండిల నుంచి దిగనే లేదు. నేను పోయి చూస్తే ఎడమ కంటి కింద సుడి! నువ్వు ముట్టకన్నదే. చెయ్యి ఎనకకు తీసుకున్న. అప్పుడే కఫీల్ మనిషి తాడు అందుకున్నడు. ఇగ చూడు, ఆ అవ్వ బండి దిగి ఉరికొచ్చింది. చేతుల గిన్నె, గిన్నెల ఒంటె పాలు. గుర్రానికి తాపుకుంట దాన్ని తిడుతున్నది, దాని ముక్కు మీద కొడుతున్నది, ఏడుస్తున్నది. ముసలాయన నెత్తి మీది రుమాలును మొఖం మీదికి గుంజుకొని, ఇసుక పడ్డదన్నడు. ఆనాడు గాలే లేదు.

ఒక్క ఉత్తరంల నువ్వు రెండు మాటలు రాయించినవు. ముట్టకన్నవు, ఏడిస్తే కొనమన్నవు. అంగడిల ఆఖరి మాటే ఖాయం గదా అని, "ఇదే" అన్న.

కఫీల్ నన్ను ఎగాదిగా చూసిండు. కాని సున్నం సంగతి ఇంకా తాజాగ ఉన్నది గదా, సరే అన్నడు. అప్పుడు ముసలాయన అమ్మనన్నడు! మరి ఎందుకు తెచ్చినవంటే, చూపిద్దామని అన్నడు. ఏడు గిన్నెల గహ్వా అయింది. నేను బేరం కుదురుద్దామని ఆయన చేతి మీద తువ్వాల కప్పి వేళ్ళు పట్టుకున్న. ఆయన ఉలిక్కిపడి చెయ్యి గుంజుకున్నడు. కఫీల్ మాత్రం సంబరపడ్డడు. వాళ్ళ తాత ముత్యాల బేరం గుడ్డ కిందనే చేసేటోడట.

ఆఖరుకు తెగింది. బద్దు సగం గుర్రమే అమ్మిండు. అవును మామా, సగం. వాళ్ళల్ల ఇది ఉన్నదట. మిగిలిన సగం వాళ్ళదే. నాకేం సమజ్ కాలే గని అందరు చేతులు కలిపిండ్రు.

అమ్మేటోళ్ళ ఏడుపు చూడుమన్న నీ సూత్రం వెయ్యి సుడుల పెట్టు. ఇగ ముహూర్తం చూపించు.

నీ అల్లుడు, కాబోయే అల్లుడు
ముత్యం

* * *

శ్రీ
ప్రాథమిక పాఠశాల, తేది 25-4-1987

చిరంజీవి ముత్యమునకు ఆశీస్సులు. ఈ లేఖ వ్రాయుచున్నది ప్రధానోపాధ్యాయుడు సోమరాజు. కుమారి భీమవ్వ కోతలకు పోయియుండగా నీ ఉత్తరము పాఠశాలకు చేరినది. నీ మామగారి కోరికపై నేనే బిగ్గరగా చదివితిని. పదిమంది వినిరి. ఇకమీదట తమ కుమార్తె కలమును నమ్మజాలమని నీ మామగారు వాక్రుచ్చి, ఈ క్రింది విషయములు నాచే వ్రాయించుచున్నారు. వారి భాషను వీలయినంత సంస్కరించితిని.

ఒకటవ విషయము. నీవు కొన్నది ముందరి సగమా, వెనుకటి సగమా? వెనుకటి సగమైనచో తన్నులును పేడయు నీకు, తలయు అందమును వారికి దక్కునని గ్రహించితివా? గ్రామమున దీనిపై రెండు పక్షములేర్పడినవి.

(అంతలో నీ మామగారు నుదురు కొట్టుకొని, ఇది మన పాలు పద్ధతియే కదా, దూడను పెంపకమునకిచ్చి పుట్టిన సంతతిలో సగము పంచుకొనుట కదా, అనిరి. పక్షములు రద్దయినవి.)

రెండవ విషయము. అమ్మువారి ఏడుపు చూడుమను సలహా తాము ఎన్నడును చెప్పలేదని, ఆ నాలుగు పంక్తులు ఎవరు చేర్చిరో తమకు తెలియునని, "ఉప్పునీళ్ళ కాపడం నేనెందుకు చెప్తరా దొంగ" అని నీ మామగారు సెలవిచ్చుచున్నారు. ఈ వాక్యమును సంస్కరించుటకు నాకు సాధ్యపడలేదు.

మూడవ విషయము. నీవు నీ కన్నులతో ఎంచలేదు. పరుల మాటతో ఎంచితివి. పైగా కన్నీటి సుడి గల దానిని ఎంచితివి. కావున పందెము చెల్లదు. వెంకటి తండ్రిని వచ్చే నెల మాటలకు రమ్మనినారు.

అల్పవిరామ చిహ్నములను నీవు చాలినన్ని వాడుట లేదు. గమనింపుము.

ఇట్లు
సోమరాజు
(రాజనర్సు వేలిముద్ర)

* * *

మన ఊరు
27-4-1987

బావకు,

ఈ ఉత్తరం బాపుకు తెల్వదు. ఆ నాలుగు మాటలు నేనే రాసిన. సోమరాజు సారు ముందర పదిమందిల బయటపెట్టినవు గదా, సంతోషం.

ఇప్పుడు ఊర్ల ఎవరికీ తెల్వని మాట చెప్తున్న. చదివి చింపెయ్యి. బాపుకు మూడేండ్ల సంది కండ్లకు పొర వచ్చింది. ఎద్దు ఎద్దోలెనే కనబడ్తది గని సుడి కనబడదు, పండు కనబడదు. అంగడిల ఆయన చెయ్యి నా భుజం మీద ఉంటది. బిడ్డంటే ఎంత ప్రేమ అని అందరంటరు. చూసేది నేను. నేను దగ్గితే వద్దని, ముక్కు చీదితే కొనమని. నిరుడు నాకు పడిశం పడితే బాపు ఒక్కనాడే మూడు ఎడ్లు కొన్నడు. రెండు ఇంకా మన కొట్టంలనే ఉన్నయి.

ఏడుపు సంగతి నేనే కనిపెట్టిన. పశువును తోలుకొచ్చిన ఆడోళ్ళు అంగడి చివర నిలబడ్తరు. బాపు వాళ్ళ దిక్కు ఎన్నడూ చూడడు. నేను వాళ్ళనే చూస్త. ఇప్పటి దాక తప్పలే.

బాపుకు నీ మీద కోపం లేదు బావా. ఆయనకు భయం. నేను పోతే ఆయన భుజం మీద చెయ్యేసుకొనీకి ఎవరుంటరు? కండ్లు పోయినయని తెలిస్తే అంగడిల ఎవడు లేస్తడు? వెంకటి వాళ్ళది మన వాడనే. అందుకే అటు మొగ్గుతున్నడు. ఆ మాట నోటితో చెప్పుకోలేక సుడులు, పందెం అంటున్నడు.

నాకు నువ్వు కావాలె. బాపు కూడ కావాలె. నాకు ఇదెట్ల తెగుతదో తెల్వదు. నువ్వు పశువులల్ల మొద్దువే గని ఈ ఒక్క పని ఆలోచించు.

వెంకటి ట్రాక్టరుకు పాట పాడే హారన్ పెట్టించుకున్నడు. ఎడ్లు బెదిరి పాలేరును రెండుసార్లు బురదల పడేసినయి.

భీమవ్వ

* * *

బుసైతీన్
14-5-1987

పూజ్యులైన, మామ గారికి, అల్లుడు, ముత్యం, దండాలు. సోమరాజు సారుకు కామాలు సరిపోయినయేమో అడుగు.

ముందుగాల గుర్రం ముచ్చట. పోయిన నెలాఖరుల కఫీల్ దోస్తులంతా ఇసుకల పందెం పెట్టుకున్నరు. ఎలియేజరు వాళ్ళ తెలుగు ప్రార్థన కూటంల గుర్రం పేరు చెప్పి మొక్కించిండు. గుర్రానికి మొక్కుడేందని పెద్దలు అడిగితే, ముత్యానికే మొక్కండని మాట మార్చిండట. బూడిదది ముందరొచ్చింది. గాలిని దాటుతదన్న రెండో గుర్రాన్ని కఫీల్ దోస్తు ఒకాయన కొన్నడు, అది దుమ్ముల కనబడలే. కఫీల్ నన్ను పాకలనే ఉండుమన్నడు. తుబ్లీ తప్పింది.

రెండో ముచ్చట. ఆ ముసలోళ్ళు వాళ్ళ సగాన్ని చూడనీకని వంతెన దాటి వస్తనే ఉన్నరు. అవ్వ గిన్నెతోటి వస్తది, పాలు తాపిస్తది, గుర్రం చిక్కిందని నన్ను తిడ్తది. అమ్మినంక ఎందుకొచ్చినవని ఎవ్వరూ అడగరు. సగం వాళ్ళదే గదా. కన్నీటి సుడి ఏడిపిస్తదన్న నీ మాట నిజమే మామా. కాకపోతే కొన్నోన్ని కాదు, అమ్మినోన్ని ఏడిపిస్తది.

ఇగ పందెం. నా కండ్లతో ఎంచలేదన్నవు. ఒప్పుకుంట. బూడిద గుర్రాన్ని నేను ఎంచలే. కాని ఆ సున్నం నామాన్ని ఎవరు చూసిండ్రు? నువ్వు రాయించలే, భీమవ్వ రాయలే. నీ తువ్వాల తడిపింది నేను, రుద్దింది నేను. రంగు కోడెను కొని ఊరంత నవ్వితే నేర్చుకున్న చదువది. మంచిదాన్ని ఎంచుడు ఇంకా రాకపోవచ్చు. దొంగదాన్ని పట్టుడు వచ్చింది. అంగడిల సగం పని అదే గదా. సగం గెలిచిన. అందుకే సగమే అడుగుత.

బద్దుల పద్ధతిల అడుగుతున్న. భీమవ్వను నాకు మొత్తం ఇయ్యకు. అంగడి నాడు ఆమె నీది. పొద్దున్నే నేనే తెచ్చి నీ పక్కన నిలబెడ్త. నువ్వు ఎప్పటోలె ఆమె భుజం మీద చెయ్యేసుకొని తిరుగు. నీ అంత పెద్దమనిషి పక్కన బిడ్డ నడిస్తేనే మన ఇంటికి మర్యాద. నేను ఎనకనే తువ్వాల పట్టుకొని వస్త, ఈసారి నిద్ర పోను. నాకు గుర్రం పండ్లు, ఎద్దు పండ్లు మళ్ళ మొదటి నుంచి నేర్పు. మిగిలిన ఆరు దినాలు నాయి. రెండు నెలల సెలవు అడిగిన. ఆ తర్వాత ఇంకొక్క ఏడాది చేసి, ఇడిచిపెట్టి వస్త. ఆ ఏడాది ఆమె మొత్తం నీ దగ్గరనే.

ఇది నా ఆఖరి మాట. తువ్వాల కింద చెయ్యి పెట్టిన. వేళ్ళు పట్టుకుంటవో లేదో నీ ఇష్టం.

ముత్యం

* * *

మన ఊరు
2-6-1987

దుబాయి అల్లునికి రాజనర్సు దీవించి రాయించునది. మళ్ళ భీమవ్వతోనే రాయిస్తున్న. సోమరాజు రాస్తే నా మాట నాకే సమజ్ అయితలేదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్న. బేరం అంటే ఒక్క మాటకు తెగేది కాదు. నా దిక్కు నుంచి చెప్తున్న విను. అంగడి దినం నాది. జాతరల పశువుల మేళా మూడు దినాలుంటది, అవి కూడ నాయి. ఆమెకు పడిశం పడ్డ దినం మాత్రం లెక్కల లేదు, ఆ దినం నువ్వే ఉంచుకో.

(బాపుకు నేను ఏం రాసిననో తెల్వదు, నువ్వు ఏం చదివినవో తెల్వదు. అయినా పడిశం మాట అన్నడు. నేను తలెత్తి చూసిన. ఏమీ ఎరగనోని లెక్క, ఎడ్లను చూస్తున్నట్టు అటు మొఖం తిప్పిండు, ఎడ్లేమో ఇటు దిక్కున్నయి. – భీమవ్వ)

సున్నం సంగతి అంగడిల అందరికి చెప్పిన. మా అల్లుడు అరబ్బోళ్ళ ముందట దొంగ గుర్రాన్ని పట్టిండన్న. పన్నెండు పండ్ల సంగతి చెప్పలే. ఆ తువ్వాల నాది, ఉతకకుండ తీస్కరా, సున్నం మరకతోనే కావాలె.

వెంకటి నాయినకు వద్దని చెప్పిన. ఆయన అదే సాయంత్రం హారన్ విప్పించిండు. ఎడ్లు మేత మేస్తున్నయి.

సెలవు దొరకంగనే రా. శ్రావణంల మంచి దినాలున్నయట. దుబాయిల నుంచి ఏమీ తేవద్దు. మీ అత్త టేపురికార్డరు అన్నది, అది తే. ఇగ చాలు, చుట్ట కాల్చుకోవాలె.

ఇట్లు
రాజనర్సు (వేలిముద్ర)

బావా, బేరంల నన్ను ఎవ్వరూ అడగలే. ఏ దినం ఎవరిదో మీరు మీరు పంచుకున్నరు. ఒక దినం నాది. ఆ దినం అన్నం నువ్వు వండాలె, ఎడ్లను బాపు కడగాలె. ఈ మాట తెగినంకనే బస్సు ఎక్కు.

వేలిముద్ర వేసి బాపు గోడకు ఒరిగి కూసున్నడు. తలకు చుట్టిన రుమాలు విప్పి మొఖం మీదికి గుంజుకున్నడు. ఏమైందంటే చుట్ట పొగ అన్నడు. చుట్ట ఇంకా నా చేతులనే ఉన్నది, నిప్పు కూడ తేలే.

మంచి బేరమే బావా. తొందరగ రా.

భీమవ్వ